దొరసాని ఆయాసంపై జాయింట్ నోట్

మా నాన్న దానయ్య రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు ఉద్యోగం చేశాడు. ఆ ముప్పై నాలుగేళ్ళలో ఒక్క తప్పు కూడా చేయలేదు. ఇది నా అభిప్రాయం కాదు, ఆయన అభిప్రాయం. సంతకాలతో సహా కాగితాల మీద ఉంది కాబట్టి కాదనడానికి మనమెవరం.

ఆయనది వ్యాగన్లు బాగుచేసే విభాగం. యార్డులో ఎక్కడైనా వ్యాగన్ పట్టాలు దిగిందంటే వ్యాగన్ల వాళ్ళు, పట్టాల వాళ్ళు, ఇంజన్ వాళ్ళు, స్టేషన్ వాళ్ళు తలా ఒక సూపర్‌వైజరు వచ్చి, టేపులు పట్టుకుని కొలిచి, ఫలానాది కారణమని ఒకే కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టాలి. దాన్ని జాయింట్ నోట్ అంటారు. రాసినదానితో ఒప్పుకోనివాడు కిందనే తన మాట విడిగా రాసుకోవచ్చు. అది డిసెంట్ నోట్. తిలాపాపం తలా పిడికెడు పంచుకోవడానికి పెద్దలు చేసిన ఏర్పాటది. మా నాన్న మాత్రం తన పిడికెడు ఏనాడూ తీసుకోలేదు. చక్రం అరిగిపోయి కనిపిస్తున్నా తప్పు పట్టాదే. పట్టా బాగుంటే కింద కంకరది. కంకర కూడా బాగుంటే వానది. ఒకసారి ఏదీ దొరక్క, దారిన పోతున్న ఆవు మీద రాశాడు. ఆవు డిసెంట్ నోట్ రాయలేదు కాబట్టి అదే ఖాయమైంది.

రెండువేల పధ్నాలుగులో రిటైరై రాయ్‌పూర్‌లో భన్‌పురి దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. మనిషి రిటైరయ్యాడు గాని జాయింట్ నోట్ కాలేదు. పప్పు మాడితే జాయింట్ నోట్. నీళ్ళ ట్యాంకు పొర్లితే జాయింట్ నోట్. ఇంట్లో అందరం సంతకాలు పెట్టాలి. అన్నయ్య ధనుంజయ్ ఇక్కడే ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తాడు, వాడు ఫోను చూసుకుంటూనే పెట్టేస్తాడు. వదిన చాందిని రాయ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, చదవడం హిందీలోనే వచ్చు, అందుకని ఏం రాశారో తెలియకుండానే పెడుతుంది. నేను, ఫణిశ్రీ, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి చదివి, తప్పని తెలిసి, అన్నం తినాలి కదా అని పెడతాను. అమ్మ బంగారమ్మ టెక్కలిలో అయిదో తరగతి దాకా చదివింది. ఒక్కో అక్షరాన్ని బియ్యంలో రాళ్ళు ఏరినంత శ్రద్ధగా రాస్తుంది. పైన ఏముందో ఎప్పుడూ చదవదు. మొగుడు రాశాడు, అంతే.

నాన్నని పక్కన పెడితే, మా ఇంట్లో ఏ జాయింట్ నోట్‌లోనూ తప్పు తేలనిది ఒక్క దొరసాని మీదే.

దొరసాని పిల్లి. అయిదేళ్ళ క్రితం పలాస నుంచి జీడిపప్పు బస్తాలతో అన్నయ్య ఆఫీసుకి వచ్చిన లారీలో, టార్పాలిన్ కింద దొరికింది. అరచేతిలో పట్టేంత ఉంది. అమ్మ దాన్ని చూసి, "మనూరి పిల్ల, ఇక్కడేటి అగచాట్లు పడతాది" అని ఒళ్ళో వేసుకుంది. అప్పటి నుంచి దానితో తెలుగులోనే మాట్లాడుతుంది. ఇంట్లో ఎవరైనా దాన్ని హిందీలో పిలిస్తే ఒప్పుకోదు. వీధిలో కుక్కలున్నాయని గడప దాటనివ్వలేదు. అది కూడా దాటాలని ఎప్పుడూ అనుకోలేదు, కూర్చున్నచోటికి చేప వస్తుంటే ఎవరు దాటుతారు.

నవ్వులాటకి అంటున్నాను గాని, ఆ పిల్లి లేకపోతే అమ్మకి ఏమీ లేదు. మోకాళ్ళు పోయి భజనకి వెళ్ళడం మానేసింది. చెవులు మందగించాయి. మేం పొద్దున్నే పనులకి పోతాం. నాన్న ఆవిడతో మాట్లాడేది రిపోర్టు చదివినట్టే ఉంటుంది. రోజంతా ఆవిడ మాట వినేది దొరసాని ఒక్కతే. అది పక్కన లేకపోతే అమ్మకి అన్నం కూడా సయించదు.

ఆ దొరసానికి గత కార్తీకంలో దగ్గు పట్టుకుంది.

మామూలు దగ్గు కాదు. నేల మీద బోర్లా అణిగి, మెడ ముందుకు చాచి, డొక్కలు ఎగరేస్తూ ఖళ్ళు ఖళ్ళుమని దగ్గేది. కక్కుతుందేమో అనుకుంటే ఏమీ వచ్చేది కాదు. కాసేపటికి సర్దుకుని, ఇందాక దగ్గింది నేను కాదన్నట్టు ఒళ్ళు నాక్కుంటూ కూర్చునేది. అమ్మ మొదట గొంతులో వెంట్రుకల ఉండ అంది. తర్వాత దిష్టి అంది. ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకి అయిదుగురం దగ్గాం, దొరసాని మంచం కిందికి పోయి అందరికన్నా ఎక్కువ దగ్గింది. దిష్టి చాలా గట్టిదని అమ్మ తేల్చింది.

డాక్టరుకి చూపిద్దాం అన్నాను. నాన్న కళ్ళజోడు సర్దుకుని, "ముందు కాజ్ తేలాల. కాజ్ తేలకుండా రిపేర్‌కి పంపీస్తే డిపో వాడు నవ్వుతాడు" అన్నాడు. అట్ట ఫైలు ఒకటి తీసి, పైన ఎర్ర సిరాతో 'దొరసాని, ఆయాసం' అని రాశాడు. ఆ పూట ఆయన ముఖంలో ఎంత కళ వచ్చిందో చెప్పలేను. ఎనిమిదేళ్ళ తర్వాత దొరికిన మొదటి అసలైన యాక్సిడెంటు.

మొదటి విచారణ బయటివాళ్ళ మీద. ఇది మా నాన్న ఎప్పుడూ పాటించే పద్ధతి, ముందు మన గేటు అవతల చూడాలి. తెల్ల రుమాలు తీసి కిటికీ ఊచల మీద తుడిచాడు. రుమాలు నల్లబడింది. మా వైపు ఇనుము ఫ్యాక్టరీల మసికి ఏ ఇంట్లో తుడిచినా నల్లబడుతుంది, పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా మధ్యాహ్నానికి బూడిదరంగులో దిగుతుంది, ఇందులో కనిపెట్టిందేమీ లేదు. కాని నాన్న ఆ రుమాల్ని మడిచి ఫైల్లో పెట్టి, "ఔట్‌సైడ్ ఏజెన్సీ" అని రాశాడు. అందరం సంతకాలు పెట్టాం. ఆ సాయంత్రమే అన్ని కిటికీలూ మూసి, సందులన్నిటికీ వెడల్పాటి టేపు అంటించాడు. వెనక గదికి మరీ జాగ్రత్తగా, రెండు వరసలు. దొరసాని మధ్యాహ్నాలు పడుకునేది అక్కడే కదా అని.

వారం తిరిగేసరికి దగ్గు రెట్టింపైంది.

రెండో విచారణ అన్నయ్య మీద. దొరసాని దొడ్డికి పెట్టే తట్టలో ఇసుక పోసేవాళ్ళం. కట్టుబడి జరిగేచోట అడిగి బస్తా తెచ్చేది వాడు. "జల్లెడ పట్టకుండా సప్లై చేసినాడు, డస్ట్ ఉంది" అని నాన్న రాశాడు. వాడు, "అరే నాన్నా, రెండేళ్ళ నుంచి అదే ఇసుక కదా, ఇప్పుడెందుకు దగ్గుతాది?" అన్నాడు. మంచి ప్రశ్న. మంచి ప్రశ్నలకి మా నాన్న జాయింట్ నోట్‌లో చోటుండదు. ఇసుక తీసేసి పాత తెలుగు పేపర్లు చింపి వేశాం. దొరసాని వార్తల మీద తన అభిప్రాయం రోజుకి రెండుసార్లు తెలియజేసింది, దగ్గు మాత్రం ఆపలేదు.

మూడో విచారణ వదిన మీద. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వదిన సాయంత్రాలు రెండు అగరొత్తులు వెలిగిస్తుంది, చుట్టాలొస్తే హాల్లో వాసన నీళ్ళ డబ్బా ఒకటి కొడుతుంది. పరాయింటి నుంచి వచ్చిన పిల్ల కాబట్టి విచారణ త్వరగా ముగిసింది. వదిన చదవలేని ఆ కాగితం మీద సంతకం పెట్టి, అగరొత్తుల కట్టలు, వాసన డబ్బా సంచిలో వేసి తెచ్చి అమ్మకిచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అమ్మ సంచి తీసుకుని ఊరుకోవచ్చు కదా.

"చూడు చాందినీ, ఈ ఇంట్లో పొగ అన్నది ఉండకూడదు. పొగ పీల్చినా పాపమే, పీల్పించినా పాపమే. నీ మొగుడ్ని అడుగు, ఎలా మాన్పించినానో."

ఎలా మాన్పించిందో మా వీధంతటికీ తెలుసు. ఆరేళ్ళ క్రితం అన్నయ్య జేబులో సిగరెట్టు పెట్టె దొరికితే వాడికి రెండు పూటలు అన్నం పెట్టలేదు. చివరికి వాడి చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. ముప్పై ఏళ్ళ మగాడు గుమ్మంలో నిలబడి ఏడిచాడు. అప్పటి నుంచి మా ఇంట్లో పొగ విషయంలో అమ్మ మాటకి తిరుగులేదు.

మర్నాడు వదిన దేవేంద్ర నగర్‌లో పుట్టింటికి వెళ్ళింది. బాబాయి కూతురి పెళ్ళి, పది రోజులు. పెళ్ళి నిజమే, పది రోజులు మాత్రం మా వల్ల. ఆ పది రోజుల్లో ఇంట్లో అగరొత్తి లేదు, వాసన డబ్బా లేదు, ఇసుక లేదు, బయటి గాలి కూడా లేదు. దొరసానికి మంచం దిగితే ఆయాసం, పాలు తాగితే ఆయాసం, నిద్రలో కూడా డొక్కలు కొలిమితిత్తుల్లా ఆడేవి. నాన్న ఫైలు ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. రాయడానికి మనుషులు అయిపోయారు. ఆవు కూడా లేదు.

ఒకరోజు పరీక్షల వల్ల స్కూలు ఒంటిపూట పెట్టారు. రెండు గంటలకే ఇంటికొచ్చాను. నాన్న హాల్లో కుర్చీలో కునుకు తీస్తున్నాడు. వెనక గది తలుపు వేసి ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా అమ్మ, దొరసాని ఆ గదిలో పడుకుంటారు, తలుపు తియ్యకూడదు, పిల్లికి నిద్ర చెడుతుంది. ఏళ్ళ తరబడి ఉన్న రూలది. నేను ఎందుకో ఆ రోజు తీశాను.

అమ్మ పడుకుని లేదు. బియ్యం బస్తా పక్కన పీట వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. ఒళ్ళో దొరసాని. అమ్మ నోరు మూసే ఉంది, ఒక బుగ్గ కొంచెం ఉబ్బి, పెదాల మధ్య నుంచి వేలెడు పొడుగు ముదురు ఆకు కాడలాంటిది బయటికి కనిపిస్తోంది. ముక్కులోంచి సన్నగా పొగ వచ్చి దొరసాని వీపు మీదికి దిగుతోంది. టేపు రెండు వరసలు అంటించిన గదిలో ఆ పొగ ఎక్కడికీ పోలేక నిలబడి ఉంది. నా కళ్ళు మండాయి. అమ్మకి చెవులు వినపడవు కాబట్టి నేను వచ్చినట్టు తెలియలేదు, హాయిగా కళ్ళు మూసుకుని ఉంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అంటారు. ఇక్కడ పిల్లి కళ్ళు తెరుచుకునే ఉంది, కళ్ళు మూసుకున్నది అమ్మ.

అడ్డపొగ. మా శ్రీకాకుళం వైపు పాతకాలపు ఆడవాళ్ళ అలవాటు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. నిప్పు కనపడదు, బూడిద రాలదు. అమ్మకి వాళ్ళ అమ్మ దగ్గర అబ్బింది. రెండువేల నాలుగులో డాక్టరు అంగిలి చూసి భయపెడితే మానేశానని అందరికీ చెప్పింది. మేం నమ్మాం. చెప్పేవి శ్రీరంగనీతులు అంటూ మొదలయ్యే సామెత ఒకటుంది, మిగతా సగం కన్నతల్లి మీద అనలేక ఇక్కడితో ఆపుతున్నాను.

భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, చుట్ట తీసి పాత పాలడబ్బాలో పడేసి మూత పెట్టింది.

"ఒక్కటేనే. రోజుకి ఒక్కటే. మీ వదినకి చెప్పకే, నీకు పుణ్యముంటాది."

"అమ్మా, దొరసాని దగ్గు దీనివల్లే" అన్నాను, ఆవిడ చెవికి దగ్గరగా వంగి.

"దీనివల్లేటి?" అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నిప్పు నా నోట్లో ఉంది. పొగ నా కడుపులోకి పోతంది. దానికేటి సంబంధం? ఇదే మీ నాన్నలాగ పైకి కాల్చే చుట్టైతే పిల్లికి తగులుతాది గాని."

"నాన్న చుట్ట కాలుస్తాడా?"

"ఏ మగోడిలాగైనా అంటన్నాను. ఆయనకి అగ్గిపుల్ల గియ్యడమే రాదు."

లెక్కల టీచర్ని, ముందువన్నీ కలుపుకుంటూ వచ్చాను. అమ్మ గడప దాటదు. రాయ్‌పూర్‌లో అలాంటి చుట్టలు దొరకవు. మరి ఎవరు తెస్తున్నారు. నెలకోసారి ఆదివారం మా నాన్న తెలుగు పేపర్లు తెస్తానని స్టేషనుకి వెళ్తాడు. విశాఖ నుంచి వచ్చే పాసింజరులో మా మేనమామ పంపిన కట్ట ఒకటి గార్డు చేతుల మీదుగా వస్తుంది. ఆ పేపర్లు నాలుగు రోజుల పాతవైనా అంత భద్రంగా ఎందుకు చుట్టి ఉండేవో ఇప్పుడు అర్థమైంది.

హాల్లోకి పోయి నాన్నని లేపాను. "నీకు తెలుసు కదా" అన్నాను. దేని గురించని ఆయన అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యి ఫైలు మీద వేశాడు.

"మూడు జాయింట్ నోట్లు రాశావు. ఇదెందుకు రాయలేదు?"

"విట్‌నెస్ లేదు."

"నేను చూశాను."

"నువ్వు ఇంటి మనిషివి. చెల్లదు."

"వదిన పరాయి మనిషి కాబట్టి చెల్లిందా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంతవరకు నాకు తెలిసిన దానయ్య గారు ఇలాంటప్పుడు మూడో మాటకే గొంతు పెంచేవాడు. ఈసారి తగ్గించాడు. "మీ అమ్మ చాందిని ముందర తలెత్తుకోలేదు ఫణీ. ఆరేళ్ళు ధర్మాలు చెప్పింది. ముప్పై నాలుగేళ్ళు స్టాఫ్‌ని కాపాడినాను. నా కింద ఇప్పుడది ఒక్కర్తే మిగిలింది."

"పిల్లి చచ్చిపోతుంది నాన్నా."

"మానమంటాను. టైం ఇవ్వు."

ఇచ్చాను. అమ్మకి ఏం చెప్పాడో తెలియదు, చెవిటిదానికి గుసగుసగా చెప్పి ఉంటాడు. వెనక గది తలుపు మర్నాడూ మూసుకుంది, ఆ మర్నాడూ మూసుకుంది. నేను టేపు పీకలేదు, వదినకి ఫోను చేయలేదు. పెళ్ళాం పరువని నాన్న, నిప్పు నా నోట్లో ఉందని అమ్మ, కన్నతల్లి కదా అని నేను. నా పిడికెడు నేను తీసుకుంటున్నాను.

మూడోరోజు ఆదివారం. వదిన పొద్దున్నే వచ్చింది. పదకొండు గంటలప్పుడు దొరసాని హాలు మధ్యలో ముందుకాళ్ళు చాచి కూర్చుని, కుక్కలాగ నోరు తెరిచి గాలి పీలుస్తోంది. నాలుక నీలిరంగుకి తిరిగింది. అమ్మ, "ఓలమ్మ, దొరసానీ, ఇటు చూడవే" అంటూ దాని ముందు కూలబడిపోయింది, మోకాళ్ళు వంగవని కూడా గుర్తులేదు. నాన్న ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. కదిలింది వదిన ఒక్కతే. చెప్పుల కాళ్ళతోనే వంటింట్లోకి పోయి కూరగాయల బుట్ట ఖాళీ చేసి, తువ్వాలు పరిచి, పిల్లిని అందులో పెట్టి, "ధనుంజయ్, ఆటో. జల్దీ" అంది. అయిదుగురం ఒక ఆటోలో ఇరుక్కుని శంకర్ నగర్ చేరాం.

డాక్టరు దివ్య చిన్నమ్మాయి, మాట మాత్రం కరుకు. దొరసానిని లోపలికి తీసుకుపోయి ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ అరగంట అమ్మ గోడకేసి తిరిగి కూర్చుంది. ఎక్స్‌రే తీసి డాక్టరు బయటికొచ్చి హిందీలో చెప్పింది: ఇది ఆస్తమా. మనుషులకి వచ్చేలాంటిదే. మందు ఉంది, పిల్లలకి పెట్టినట్టు మాస్కుతో పీల్పించాలి. నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్ని ఊపిర్లో లెక్కపెట్టి రాయాలి, ముప్పై దాటకూడదు. కాని కారణం ఇంట్లోనే ఉంటే మందు పనిచేయదు. ఇంకొకసారి ఇలా వస్తే నా దాకా తీసుకురాలేరు.

ఆ చివరి మాట వదిన అమ్మ చెవి దగ్గర తెలుగులో గట్టిగా చెప్పింది. అమ్మ తల ఊపింది.

నాన్న వెంటనే ఫైలు విప్పాడు. రుమాలు, ఇసుక, అగరొత్తులు, వరసగా వినిపించాడు. డాక్టరు ఓపికగా వింది. "కిటికీలు ఎందుకు మూశారు? లోపలిది బయటికి ఎలా పోతుంది?" అంది. తర్వాత పిల్లి బుట్టలోని తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుంది. దొరసాని రోజూ పడుకునే తువ్వాలు అది.

"ఇంట్లో పొగ తాగేది ఎవరు?"

అన్నయ్య, "ఆరేళ్ళయింది మేడమ్, నేను మానేశాను, అమ్మ మీద ఒట్టు" అన్నాడు. అమ్మకి ప్రశ్న వినపడలేదు గాని తువ్వాలు వాసన చూడటం కనపడింది. దొంగకి తేలు కుట్టినట్టు కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. డాక్టరు ఒక్కొక్కరినీ చూస్తూ అమ్మ దగ్గరికి వచ్చింది. వదిన కూడా అటే చూసింది.

"నేనే" అన్నాడు నాన్న.

నేను సరిగ్గా విన్నానా అని చూశాను. ఫైలు చంకలో పెట్టుకుని, సాహెబు ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడి ఉన్నాడు. "నేనే మేడమ్. చుట్ట. రోజుకొకటి, వెనక గదిలో. తప్పు నాదే."

డాక్టరు పది నిమిషాలు తిట్టింది. మర్యాదగానే తిట్టింది, హిందీలో మర్యాదగా తిడితే ఇంకా గట్టిగా తగులుతుంది. పొగ గాల్లోనే ఉండదని, బట్టలకి, బొచ్చుకి పడుతుందని, పిల్లి ఒళ్ళు నాక్కున్నప్పుడల్లా అది కడుపులోకి పోతుందని, తెలిసి కూడా మూగజీవిని గదిలో పెట్టి తలుపు వేసుకోవడం ఏ చదువు నేర్పిందని అడిగింది. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క మెమో తీసుకోని మనిషి, "జీ మేడమ్, జీ మేడమ్" అంటూ చేతులు కట్టుకుని మొత్తం తీసుకున్నాడు. జీవితంలో మా నాన్న ఒప్పుకున్న ఒకే ఒక్క తప్పు, ఆయన చెయ్యనిది.

ఇంటికొచ్చాక కూడా అలవాటు మానలేదు. తెల్ల కాగితం తీసి నాలుగో జాయింట్ నోట్ రాశాడు. 'కారణం: చుట్ట పొగ. బాధ్యుడు: దానయ్య, రిటైర్డ్.' కాగితం బల్ల మీద పెట్టి పెన్ను ఇచ్చాడు. వదిన సంతకం పెట్టింది. పెట్టి, ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. అన్నయ్య మాత్రం పెన్ను విసిరికొట్టాడు. మా ఇంట్లో తెలివితేటలు అందరికీ సమానంగా పంచలేదు, వాడు ప్రతి అక్షరం నమ్మాడు.

"నాకు అన్నం పెట్టకుండా ఒట్టు వేయించుకున్నప్పుడు నువ్వు ఇక్కడే, ఇదే కుర్చీలో కూర్చున్నావు నాన్నా. నేను ఏడుస్తుంటే పేపర్ చదువుకున్నావు. అప్పుడు కూడా వెనక గదిలో తాగుతున్నావు కదా. శరమ్ లేదా నీకు?"

ఇంత గొంతు అమ్మకి కూడా వినపడింది. నాన్న తల దించుకుని కూర్చున్నాడు. కొడుకు చేత మాట పడుతున్న మొగుడ్ని అమ్మ చూసింది. ఒళ్ళోని దొరసానిని మెల్లగా కింద పెట్టింది. వచ్చి, పెన్ను నేల మీద నుంచి తీసుకుని, బల్ల ముందు కూర్చుంది. సంతకం పెట్టేస్తుంది, ఇంతటితో అయిపోతుంది అనుకున్నాను. అమ్మ కాగితం దగ్గరికి లాక్కుని, వేలు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చదివింది. నాకు తెలిసి ఆవిడ ఒక జాయింట్ నోట్ చదవడం అదే మొదలు. తర్వాత సంతకాల కింద, వంకరటింకరగా, చాలాసేపు రాసింది. రాసి, కాగితం వదిన వైపు తోసింది. వదినకి తెలుగు చదవడం రాదు. ఆ సంగతి అమ్మకి తెలుసు. అలా తప్పించుకుంది అనుకుని నేను లోలోపల నవ్వుకోబోయాను.

అమ్మ కాగితం మళ్ళీ తన వైపు తిప్పుకుని, వదినకి వినపడేలా పైకి చదివింది.

"ఇది తప్పు. చుట్ట నాది. పిల్లిని నానే దగ్గించినాను. ఈయనకి అగ్గిపుల్ల గియ్యడమే రాదు. బంగారమ్మ."

అమ్మ లేచి వెనక గదిలోకి పోయి పాలడబ్బా తెచ్చి వదిన చేతిలో పెట్టింది. వదిన మూత తీసి చూసింది, మూసింది.

"అయితే నా అగరొత్తులు నాకు ఇచ్చెయ్యండి అత్తయ్యా" అంది.

"ఇవ్వను. అదీ పొగే" అంది అమ్మ.

వదిన నవ్వేసింది. అప్పుడు అమ్మ ఏడిచింది. చాలాసేపు ఏడిచింది, దొరసాని పేరు పెట్టుకుని, మధ్యమధ్యలో ఎవరి పేరూ పెట్టుకోకుండా. నాన్న కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. "డిసెంట్ నోట్ పడ్డాక ఇది చెల్లదు" అన్నాడు. చెల్లనివన్నీ చింపేసే మనిషి, దీన్ని మడిచి తన సర్వీసు కాగితాలున్న ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు.

టేపులన్నీ నేను పీకేశాను. నల్ల దుమ్ము మళ్ళీ వస్తోంది, రోజూ తడిగుడ్డతో తుడుస్తున్నాం. రెండు గంటలయ్యేసరికి అమ్మ చెయ్యి పాలడబ్బా ఉండేచోటికి పోతుంది. వెనక గదిలో పీట మీద, తలుపు బార్లా తీసుకుని, బుగ్గన లవంగం పెట్టుకుని కూర్చుంటుంది. యాభై ఏళ్ళ అలవాటు, ఊరికే పోతుందా. ఒక్కోరోజు ఎవరితోనూ మాట్లాడదు, ఒక్కోరోజు అందరినీ తిడుతుంది. దొరసాని మాత్రం వచ్చి ఎప్పటిలాగే ఒళ్ళో పడుకుంటుంది.

అది నిద్రపోయాక నాన్న గడియారం పట్టుకుని వచ్చి గడపలో కూర్చుంటాడు. నిమిషం పాటు దాని డొక్కల వైపే చూస్తాడు. నిన్న లెక్క ముగించి, "ఇరవై ఎనిమిది" అన్నాడు.

"ఏటి?" అంది అమ్మ.

పిల్లి లేస్తుందేమోనని ఆయన గొంతు పెంచలేదు. పుస్తకంలో పెద్ద అంకెలతో రాసి, అమ్మ కళ్ళ ముందు పట్టుకున్నాడు.